పేరు చెప్పకుండా గెలిచిన కేసు

కొత్తగా ఏపీపీలుగా చేరే పిల్లలకు పెద్దవాళ్లు చాలా సలహాలు చెబుతారు. చట్టం చదువుకోండి, పోలీసులతో సఖ్యంగా ఉండండి, జడ్జిగారి ముఖం చూసుకుని నోరు తెరవండి, ఇలాంటివి. నేను చెప్పేది ఒక్కటే. మంచివాడని పేరు తెచ్చుకున్న మనిషి ఖాళీ చేసిన కుర్చీలో మాత్రం కూర్చోకండి. కూర్చోవలసి వస్తే మరుసటి రోజే బదిలీకి అర్జీ పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. ఒకే మనిషి ఖాళీ చేసిన కుర్చీలో మూడు ఊళ్లలో కూర్చున్నాను. మొదట మదనపల్లె, తర్వాత పుంగనూరు, ఆఖరున కుప్పం.

ఏపీపీ అంటే మేజిస్ట్రేటు కోర్టులో ప్రభుత్వం తరఫున కేసు నడిపే వకీలు. పోలీసులు చార్జిషీటు వేస్తారు, సాక్షులను బోనెక్కించి జరిగింది చెప్పించే పని మాది. సాక్షి చెబితే కేసు నిలుస్తుంది, లేకపోతే పోతుంది. మా వైపు చాలా కేసులు పోయేది కోర్టులో కాదు, ఊళ్లో. టీ అంగడి బెంచీ మీదో, ఎవరి మిద్దె మీదో పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదురుస్తారు. తర్వాతి వాయిదాకు సాక్షి వచ్చి, నాకేమీ తెల్దు సామీ అని జడ్జిగారికి దండం పెడతాడు. మేము ఫైలు కట్టి పక్కన పెడతాం.

నేను చెప్పే ఆ మనిషికి మాత్రం సాక్షులు అలా తిరగడం చాలా తక్కువ. ఆయన్ని ముందు సారు అంటాను. ఏ ఊరికి పోయినా నా చెవిన పడింది ఆ మాటే కాబట్టి. మేమిద్దరం ఒకే పరీక్ష రాసి ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ఎంపిక జాబితాలో ఆయన పేరు నా పేరుకు సరిగ్గా పైన ఉండింది. సర్వీసు పొడుగునా అక్కడే ఉండిపోయింది. నాది కురబలకోట పక్కన గొర్రెలు మేపుకునే ఇల్లు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, ఇంకొకరితో పోల్చి చూడటం అంటే ఏమిటో ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలియదు. చేరాక తీరిగ్గా తెలిసింది.

మదనపల్లెలో ఆయన దగ్గర చార్జి తీసుకున్న రోజున అటెండరు కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, ముందు సారు చక్కెర వేసుకోరు సార్ అన్నాడు. నేను అడగలేదు. అడగకుండా చెప్పాడు. ఆ రోజు నుంచి రెండు చెంచాలు వేయించుకుని తాగడం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకున్న షుగరు జబ్బుకు ఆ మనిషే కారణమని మా ఇంటావిడతో ఇప్పటికీ అంటుంటాను. ఆమె ఒప్పుకోదు. ఆమెకూ ఆయనంటే గౌరవమే.

ఆయన పద్ధతి ఏమిటో చెబుతాను. సాక్షి వరండాలోకి వస్తే ఆయన కేసు సంగతి ఎత్తడు. తిన్నావా అమ్మా, ఏ బస్సుకొచ్చినావప్పా, వానలు పడినాయా, ఇవే మాటలు. మజ్జిగ తెప్పించి ఇస్తాడు. ఆ తర్వాత భుజం మీద చెయ్యి వేసి, నేనుండానులే, భయం లేకుండా చెప్పు అంటాడు. అంతే. ఆ ముక్కకు వాళ్లు ప్రాణం పెట్టేవాళ్లు. నాకు అది చేతకాదు. ప్రయత్నించానని కూడా చెప్పాలి. ఒక ముసలాయన భుజం మీద చెయ్యి వేస్తే, ఏం సార్ చొక్కా చినిగిందా అని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

నాది వేరే రకం. ఎవరు ఏం చెప్పినా, సరిగ్గా ఏ మాటన్నాడు, మక్కీకి మక్కీ చెప్పు అని వెంటపడేవాణ్ణి. తిట్టాడు అంటే సరిపోదు, ఏమని తిట్టాడో ఆ మాట కావాలి. కొట్టాడు అంటే చాలదు, ఏ చేత్తో అని అడగాలి. సాక్షులు విసుక్కునేవాళ్లు. వెనకాల కోర్టు కానిస్టేబుళ్లు నాకు మక్కీకి మక్కీ సారు అని పేరు పెట్టారు. ఆయనకు దేవుడు సారు అని పేరు. చూశారా తేడా.

పుంగనూరులో ఆయన కుర్చీ నాకు వచ్చేనాటికి ఆయన్ని కుప్పం వేశారు. చార్జి తీసుకున్న వారంలోనే ఒకామె కేసు విచారణకు వచ్చింది. యాభై దాటిన మనిషి. భర్త పోయాడు. కొంచెం భూమిలో టమాటా వేసుకుని, రెండు పాడి ఆవులు పెట్టుకుని కూతుర్ని చదివించింది. కూతురికి మదనపల్లె దగ్గర అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం, పెళ్లి కూడా అయింది. ఈమె చేను పక్క చేను భర్త దాయాదిది. టమాటా మొక్కలకు పాతే కట్టెలను అతను దారికి అడ్డంగా పేర్చాడు. ఈమె వాటిని పక్కకు లాగింది. మాటా మాటా పెరిగి అతను చేతిలో ఉన్న కొడవలి విసిరాడు. ఈమె కుడిచేతి చూపుడు వేలు, దాని పక్క వేలు తెగిపోయాయి. కొడవలి విసరడం చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. చెప్పవలసింది ఆమె ఒక్కతే.

మొదటి వాయిదాకు ఆమె వచ్చి వరండాలో నిలబడి నా గదిలోకి తొంగి చూసింది. "ఆ సారు లేడా?" అంది.

బదిలీ అయిందన్నాను. కొత్తగా వచ్చింది నేనే, కూర్చో అన్నాను. ఆమె కూర్చోలేదు. ఆ చేతిని పైట కింద పెట్టుకుని నిలబడింది. సార్ పోతాడని చెప్పలేదే అంది, నేనే ఆయన్ని ఎక్కడో దాచేసినట్టు. ఆ రోజు ముద్దాయి తరఫు వకీలు వాయిదా తీసుకున్నాడు. తల నెరిసిన పెద్ద వకీలాయన, కాలు కదపకుండా కేసులు గెలిచేవాడు. ఆమె వెళ్లిపోయాక కోర్టు కానిస్టేబుల్ నా బల్ల దగ్గర నిలబడి, ఆ సారుండి ఉంటే ఆయమ్మకు ధైర్యంగా ఉండేది సార్ అన్నాడు. ఇప్పుడెవరడిగారు అన్నాను. ఎవరూ అడగలేదు సార్ అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు.

తర్వాతి వాయిదాలోపల ఊళ్లో పని జరిగిపోయింది. ఆమె చేనుకు నీళ్లొచ్చేది ఆ దాయాది బోరు నుంచే. పెద్దమనుషులు ఆ సంగతి గుర్తు చేశారు. గంగమ్మ గుడికి తీసుకుపోయి ఆమె చేత కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించారు. అప్పటికి కూతురు కడుపుతో ఉంది. ప్రమాణం ఆ కడుపు మీద పెట్టించారు.

ఆ సంగతి నాకు వాయిదా రోజు పొద్దున తెలిసింది. వాంగ్మూలం చదివి వినిపిస్తుంటే ఆమె నేల చూస్తూ కూర్చుంది. చివరికి, "నేను చెప్పలేను సారూ. అమ్మ కాడ కర్పూరం ఆర్పేసినా" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఏం చెయ్యాలో తెలియక పలమనేరు మీదుగా బస్సు మారి కుప్పం పోయి ఆ సారుని అడిగిందట. గంగమ్మ మాట తప్పొద్దులేమ్మా, కేసు పోతే పోనీ, నీ బిడ్డ బాగుండల్ల అన్నాడట ఆయన. అన్నం కూడా పెట్టించి పంపాడట. కానిస్టేబుల్ పక్కనే ఉండి విని, ఎంత మంచి మనిషి సార్ అని నిట్టూర్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కకు పోయి ఆయనకు ఫోను చేశాను.

"ఏమప్పా, కేసు పోతే పోనీ అన్నావంట?"

"అన్నానప్పా. ఆయమ్మ వణికిపోతా ఉండాది. కూతురు కడుపుతో ఉంటే మనమేం జెప్తాం? ఒక కేసు పోతే పోయిందిలే."

"పోయేది నా కుర్చీలో, నీ కుర్చీలో కాదు."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వు కూడా బాగుంటుంది, ఏం చేద్దాం.

మీరు నన్ను ఏమనుకున్నా సరే, ఆ రోజు నా మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆమె తెగిన వేళ్ల మీద జాలి ఉంది, లేదనను. అంతకంటే ఎక్కువగా ఉన్నది ఇది. ఈ కేసు ఆయన చేతిలో పోయి ఉంటే, పాపం ఆ సారు ఏం చేస్తాడు, అమ్మవారి ప్రమాణం కదా అనేవాళ్లు. నా చేతిలో పోతే, ఆ సారుండి ఉంటే పోయేది కాదు అంటారు. ఆయన్ని చూసి కళ్లల్లో నిప్పులు పోసుకుని బతికిన ఇన్నేళ్లలో అంత స్పష్టంగా నాకు ఇంకేదీ కనబడలేదు. డాక్టరు సాక్షి రాలేదన్న కారణం ఒకటి దొరికితే, దాన్ని పట్టుకుని జడ్జిగారిని దగ్గరి తేదీ అడిగాను. ఆవిడ చిన్న వయసు మేజిస్ట్రేటు, పని నాన్చితే మండిపడే మనిషి. ఇదే ఆఖరు అని చెప్పి ఇచ్చింది.

మళ్లీ వరండాలోకి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. మజ్జిగ తెప్పించలేదు. నాకు తెలిసిన పని ఒక్కటే కాబట్టి అదే చేశాను. కర్పూరం ఆర్పేటప్పుడు సరిగ్గా ఏ మాటన్నావు, మక్కీకి మక్కీ చెప్పు అన్నాను.

ఆమె నా వైపు అదోలా చూసింది. ఎవరూ ఆమెను అది అడగలేదు. గుడిలో ఉన్నవాళ్లకు తెలుసు, లేనివాళ్లకు అక్కర్లేదు. దేవుడు సారుకు కూడా అడగాలనిపించలేదు, అమ్మవారి పేరు వినగానే చేతులు జోడించాడు. ఆమె కళ్లు మూసుకుని, గుడిలో నిలబడినట్టే నిలబడి చెప్పింది.

"నా నోట్లో నుంచి వాని పేరు కోర్టులో రాదు. వస్తే నా బిడ్డ కడుపు నిలబడదు. ఇదే సారూ. ఇంతే."

ఆ మాటలు ఆమెవి కావు. చెప్పించిన పెద్దమనిషి నాకు తెలుసు. మా కోర్టు వరండాలో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి సగం వకీలైపోయినవాడు. జామీన్లకు వస్తాడు, రాజీలకు వస్తాడు, ఊరికే కూడా వస్తాడు. మామూలు ఊరివాళ్లయితే, కేసు సంగతి ఎత్తను అని ప్రమాణం చేయించి ఊరుకుంటారు. అలా చేయించి ఉంటే నేనేమీ చేయలేకపోయేవాణ్ణి. ఈయన మాత్రం దస్తావేజు రాయించినట్టు మాటలు కూర్చాడు. కోర్టులో సాక్షి పేరు చెప్పకపోతే కేసు పోతుందని ఆయన ఎక్కడో విన్నాడు. ఆ పేరొక్కటి ఆపితే చాలనుకున్నాడు. తెలివి ఎక్కువై తాడు సరిగ్గా కట్టలేకపోయాడు.

చట్టానికి కావలసింది పేరు కాదు, మనిషి. ఆ మాట ఆమెకు చెప్పాను. పేరు నేనడగను. వేరేవాళ్లు అడిగినా నువ్వు చెప్పవద్దు. ఏం జరిగిందో చెప్పి, ఆ మనిషి ఇక్కడున్నాడా అని అడిగితే చూపించు. అది తప్పా కాదా అన్నది నేను చెప్పలేను, నాకు గంగమ్మ సంగతులు తెలియవు. నువ్వు చెప్పాలనుకుంటేనే. వద్దనుకుంటే లేదు.

ఆమె పైట కింది నుంచి ఆ చేతిని బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. "చెప్పల్లనే ఉండాది సారూ. ఈ చేత్తో పాలు పిండేదానికి కాదు, కలుపు తీసేదానికి కాదు. వాడు రోజూ నా ముందరే పోతా ఉండాడు, ఏమీ కానట్ల. నేనే ఏదో చేసినట్ల తలొంచుకుంటాండాను." కొంచెం ఆగి, "కానీ బిడ్డ ఉండాది. అమ్మనడగల్ల" అంది.

మా వైపు కొండ మీది గంగమ్మను అడగడానికి ఒక పద్ధతి ఉంది. అమ్మవారి తల మీద పువ్వు పెట్టి మనసులో మాట అడిగి చేతులు జోడించి నిలబడతారు. పువ్వు కుడి వైపు పడితే సరేనన్నట్టు, ఎడమ వైపు పడితే వద్దన్నట్టు. నేను చదివిన పుస్తకాల్లో దీనికి సెక్షను లేదు. సాక్షికి ఆ తీర్పు వచ్చేదాకా నా కేసు లేదని మాత్రం తెలుసు. ఆ వాయిదా లోపల నేను కోర్టులో వాదించాను, ఇంట్లో తిన్నాను, పడుకున్నాను, అన్నీ చేశాను గానీ, మనసంతా ఎవరో పెట్టిన ఒక పువ్వు మీదే ఉంది. దేవుణ్ణి పెద్దగా అడిగే అలవాటు లేని మనిషిని. తల్లీ, ఆయన కుర్చీలో నా పరువు తీయకు అని ఒకటికి నాలుగుసార్లు అనుకున్నాను.

వాయిదా రోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. కేసు పిలిచాక వచ్చింది. పువ్వు ఏ వైపు పడిందో అడిగే సమయం లేదు. నేను ఆమె ముఖం చూశాను. ఆమె నా వైపు చూడలేదు. హాలులో వెనక బెంచీ మీద సగం వకీలు పెద్దమనిషి కాళ్లు ఊపుతూ కూర్చుని ఉన్నాడు. పెద్ద వకీలు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ముద్దాయి తన చోట నిలబడి ఉన్నాడు, ఉతికిన తెల్ల చొక్కాలో.

ఆమె బోనెక్కి కోర్టు ప్రమాణం చేసింది. నేను ఎప్పుడూ అడిగే మొదటి ప్రశ్న, ఈ ముద్దాయి నీకు తెలుసా, అడగలేదు. నీ చేతికి ఏమైంది అని అడిగాను. ఆమె వెనక బెంచీ వైపు చూసింది. ఆమె గొంతు సవరించుకుంది. నాకు కుర్చీ వెనక పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను కూడా. ఇది పోయింది, ఆ సారుండి ఉంటే అనే కథల్లో ఇదీ కలిసిపోయింది అనుకున్నాను.

ఆమె మొదలుపెట్టింది. కట్టెలు దారికి అడ్డంగా ఉండాయని, తాను లాగానని, తిట్లు పడ్డాయని, కొడవలి వచ్చిందని, నెత్తురు చూసి ముందు తనది కాదనుకున్నానని వరసగా చెప్పింది. ఎవరు విసిరారు అని అడిగాను. మా ఆయన పెద్దనాయన కొడుకు అంది. పెద్దనాయనకు ఎంతమంది కొడుకులు అన్నాను. ఒక్కడే అంది. పెద్ద వకీలు లేచాడు. పేరు చెప్పకుండా ఈ చుట్టరికాల గుర్తింపు ఏమిటని అభ్యంతరం చెప్పాడు. సాక్షి మనిషిని గుర్తించాలని చట్టం, పేరు పలకాలని కాదు అన్నాను. జడ్జిగారు నా వైపు, ఆమె వైపు చూసి, కానివ్వండి అన్నారు.

ఆ మనిషి ఈ హాల్లో ఉన్నాడా అని అడిగాను. ఆమె తలూపింది. తల ఊపు రికార్డు కాదని స్టెనో ఆగింది. దిగి వెళ్లి చూపమ్మా అన్నారు జడ్జిగారు.

ఆమె బోను దిగింది. నడిచి వెళ్లి ముద్దాయి ఎదురుగా నిలబడింది. అంతసేపూ పైట కిందే ఉంచుకున్న కుడిచేతిని బయటికి తీసి పైకెత్తింది. చూపించడానికి ఆ చేతికి చూపుడు వేలు లేదు. అది ఆ క్షణం దాకా నాకు తట్టలేదు, ప్రశ్నలన్నీ తయారు చేసుకున్నవాణ్ణి నేనే అయినా. ఆమె చెయ్యి ముందుకు చాపి, మిగిలిన వేళ్లతో ఆ తెల్ల చొక్కా మీద, గుండె దగ్గర, పెట్టింది. అతను తల దించుకున్నాడు. సాక్షి ముద్దాయిని తాకి గుర్తించింది అని జడ్జిగారు చెబితే స్టెనో రాసుకుంది.

క్రాసులో పెద్ద వకీలు తొందరపడ్డాడు. అంత అనుభవం ఉన్న మనిషి చేయకూడని పని. గంగమ్మ గుడిలో ఇతని మీద ఏమీ చెప్పనని ప్రమాణం చేశావా లేదా అని గద్దించాడు. ఆమె ఆయన వైపు నెమ్మదిగా తిరిగింది.

"నా నోట్లో నుంచి పేరు రాదని చేసినా సామీ. వచ్చిందా?"

ప్రమాణం ఎందుకు చేయవలసి వచ్చిందని జడ్జిగారే అడిగారు. బోరు సంగతి, పెద్దమనుషుల సంగతి, అన్నీ అప్పుడు బయటికొచ్చాయి. వెనక బెంచీ మీద కాళ్లు ఊగడం ఆగింది. నేను ఇంకో ప్రశ్న వేయలేదు.

తీర్పు రోజు ముద్దాయికి శిక్ష పడింది. బయటికొచ్చాక పువ్వు ఏ వైపు పడిందని ఆమెను అడిగాను. కుడి వైపే సారూ, లేకుంటే వస్తానా అంది. ఇక ఇప్పుడు నాకు దక్కవలసిన మాట ఏదో వస్తుందని నిలబడ్డాను. నల్లకోటు సర్దుకున్నాను కూడా. ఆమె పక్కన వేరుశనక్కాయల సంచి ఒకటి ఉంది. నాకేమో అనుకున్నాను.

"సారూ, కుప్పానికి పోయేదానికి బస్సు యాడ ఎక్కల్ల? ఆ సారుకు చెప్పి రావల్ల. ఆయప్ప శానా మనసు పెట్టినాడు" అంది.

ఏమనాలి చెప్పండి. పలమనేరు దాకా పోయి మారాలమ్మా, పోయినసారి పోయావు కదా అన్నాను. ఆ రోజు ఎవరో ఎక్కించినారు, నాకు బోర్డు చదివేదానికి రాదు అంది. ఆ చేత్తో సంచి పట్టు నిలవడం లేదు, జారుతోంది. నేనే తీసుకున్నాను. కోర్టు దగ్గర నుంచి బస్టాండు దాకా, దారిలో పలకరించిన ప్రతివాడికీ తల ఊపుతూ, దేవుడు సారు వేరుశనక్కాయలు నేను మోశాను. బస్సులో సీటు చూపించి సంచి ఆమె ఒళ్లో పెట్టాను. పలమనేరులో దించి కుప్పం బస్సు ఎక్కించమని కండక్టరుకు చెప్పాను. బాగుండు సారూ అంది ఆమె, కిటికీలో నుంచి. అది నాకు దక్కింది.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. దాంతో ఊళ్లో సంగతి తిరగబడింది. ప్రమాణం తప్పలేదు కాబట్టే అమ్మ కాపాడిందని అన్నారు. ఇక ఆమె నీళ్ల జోలికి పోవడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది. సగం వకీలు పెద్దమనిషి, నేను పెట్టించిన ప్రమాణం అట్లాంటిది మరి అని టీ అంగడిలో చెప్పుకుని తిరిగాడు. గొప్ప ఆయనకూ దక్కింది. ఆమె దగ్గర వేరుశనక్కాయలు తీసుకున్న కుప్పం సారుకు ఎలాగూ దక్కింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆయన కుప్పంలోనే పదవీ విరమణ చేశాడు. ఆ కుర్చీలోకి ఎవరొచ్చారో మీరే చెప్పగలరు. సన్మాన సభలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మాట్లాడిన వాళ్లలో ఒకరు పుంగనూరు కేసు ఎత్తి, పేరు చెప్పని సాక్షి చేత ముద్దాయిని తాకించి గెలిచిన మహానుభావుడు అని ఆయన మెడలో దండ వేశారు. ఆయన మైకు తీసుకుని, అది నేను కాదప్పా, అదుగో ఆయప్ప అని నన్ను చూపించాడు. నేను లేచి నిలబడ్డాను. జనం చప్పట్లు కొట్టారు, ఆయన వైపు చూసి. నా పక్కన కూర్చున్నాయన మోచేత్తో పొడిచి, చూసినారా సార్ ఎంత వినయమో, చేసింది కూడా చెప్పుకోడు అన్నాడు. నేను కూర్చున్నాను. అబద్ధం చెప్పి నా పేరు కాజేసి ఉంటే ఆ మనిషిని సుఖంగా ద్వేషించి ఉండేవాణ్ణి. నిజం చెప్పి కూడా కాజేశాడు.

ఆయన ఇప్పటికీ కుప్పంలో ఉన్నాడు. పొద్దున్నే నడకకు పోతాడట. షుగరు లేదట.

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. మదనపల్లె నుంచి రోజూ పుంగనూరు పోయి వచ్చే కొత్త ఏపీపీ. సాక్షులు ఊళ్లో రాజీ పడి తిరిగిపోతున్నారని, ఏం చేయాలో అడగడానికి వచ్చింది. మాటల్లో, వెనక ఎప్పుడో అక్కడ ఒక సారు ఉండేవారంట సార్, ప్రమాణం చేసిన సాక్షి చేత పేరు చెప్పించకుండానే కేసు గెలిచారంట అంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇంటావిడ కాఫీ తెస్తూ గుమ్మంలోనే ఆగింది.

ఆ సారుని నేనే అన్నాను.

ఆ అమ్మాయి సంతోషపడింది గానీ, ఏదో కుదరలేదు. సాక్షులొస్తే ముందు తిన్నావా అని అడిగేవారంట, మజ్జిగ ఇచ్చేవారంట, అది మీరేనా సార్ అంది. అది ఆయన, ఆ కేసు నాది అన్నాను. కేసు సంగతులు, ప్రమాణం మాటలు, క్రాసులో ప్రశ్న, అన్నీ మక్కీకి మక్కీ చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా విని, అవునా సార్ అంది. తర్వాత కొంచెం మొహమాటంగా, "ఆ కేసు గెలిచింది మీరేనా అంటే ఆ సారు, నేను కాదు, ఇంకొకాయన అనేవారంట సార్" అంది.

ఇదంతా రాయడానికి కారణం అదే. కాకపోతే రాయడం మొదలుపెట్టేటప్పుడే ఇందులో ఎవరి పేరూ రాయకూడదని నియమం పెట్టుకున్నాను, ఆమెది గానీ ముద్దాయిది గానీ ఆయనది గానీ నాది గానీ. ఇప్పుడు మొదటి నుంచి చదువుకుని చూస్తే, ఇది చదివినవాళ్లు కూడా ఆ దేవుడు సారే వినయంగా ఇలా తిప్పి రాశాడని అనుకుంటారనిపిస్తోంది. అయినా నియమం తప్పను. పేరు చెప్పకుండా మనిషిని గుర్తుపట్టించడం నాకు చేతనైన పని. ఆ ఇద్దరిలో ఆ కేసు నడిపిందెవరని ఎవరికైనా సందేహం వస్తే, ఆ రోజు పుంగనూరు బస్టాండులో నల్లకోటు వేసుకుని, వేరుశనక్కాయల సంచి మోసుకుంటూ ఆమెను కుప్పానికి బస్సు ఎక్కించినవాడే.